ఉసిరి చెట్టు కింద ఎవరి పంక్తి?

కార్తీకమాసం వచ్చిందంటే మా పాల్వంచ, కొత్తగూడెం ప్రాంతాల్లో ఆదివారంనాడు సగం ఇళ్ళలో పొయ్యి రాజుకోదు. గుండిగలు, గరిటెలు, జంపఖానాలు, ఉయ్యాల తాళ్ళు, పిల్లల బంతులు అన్నీ ట్రాలీ ఆటోలకెక్కి కిన్నెరసాని దారి పడతాయి. ఖమ్మం వాళ్ళు ఊరి చుట్టూ తోటలు వెతుక్కుంటారు. భద్రాచలం వాళ్ళు గోదావరి ఒడ్డున చెట్టు నీడ చూసుకుంటారు. ఎవరు ఎటు వెళ్ళినా కావలసింది ఒక్కటే, ఒక ఉసిరి చెట్టు. అది దొరక్కపోతే ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి వేపచెట్టుకు కట్టి పని కానిచ్చే ఘటికులు కూడా ఉన్నారు. దేవుడు పట్టించుకోడు లెండి, పులిహోర కుదిరితే చాలు.

నాకు ఎప్పటినుంచో ఒక ఆలోచన. 'పార్కు' అనే దానికి మనకు సొంత మాట లేదెందుకని? తోట ఉన్నది, కాని తోటకు యజమాని ఉంటాడు, కాపలావాడుంటాడు, వాడి చేతిలో కర్ర ఉంటుంది. తోపు ఉన్నది, దానికీ ఎవరో ఒక ఆసామీ ఉంటాడు. వనం ఉన్నది, అది పురాణాల్లో మునులకూ మృగాలకూ వదిలేశారు. ఏ ఒక్కరిదీ కాకుండా అందరిదీ అయి, సాయంత్రం పూట ఎవరైనా వెళ్ళి ఎవరి పక్కనైనా కూర్చోదగ్గ చోటుకు మాత్రం మాట అరువు తెచ్చుకోవలసి వచ్చింది. అయితే పార్కులో చెయ్యవలసిన పని మనకు ముందునుంచే తెలుసు. ఏడాదికి ఒక్కరోజయినా గోడలు వదిలిపెట్టి చెట్ల కిందికి పోయి, నలుగురితో కలిసి వండుకు తినాలని మనవాళ్ళు నియమం పెట్టుకున్నారు. అదే వనభోజనం.

ఆ 'నలుగురు' ఎవరన్నదే చిక్కు. పూర్వం అందరూ ఒకే బంతిని కూర్చున్నారని నేను బొంకబోను. అగ్రహారంలో వనభోజనం అగ్రహారానిదే. దొరవారి తోటలో వనభోజనమైతే దొరవారి బంధువులది. మిగిలిన వాళ్ళు కట్టెలు కొట్టారు, నీళ్ళు మోశారు, విస్తళ్ళు ఎత్తారు. కాని మా ప్రాంతంలో కొద్దికాలం పాటు ఒక కొత్త సంగతి జరిగింది. అది నేను కళ్ళారా చూశాను కనుక చెప్పాలనిపిస్తున్నది.

కిన్నెరసాని గురించి రెండు ముక్కలు. ములుగు, తాడ్వాయి అడవుల్లో పుట్టి, మా అడవుల గుండా మెలికలు తిరిగి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణగారు 'కిన్నెరసాని పాటలు' రాసి దీన్ని తెలుగు దేశమంతటికీ పరిచయం చేశారు. అత్త పెట్టిన కష్టాలకు తాళలేక ఒక కోడలు కరిగి వాగైపోయిందని ఆయన చెప్పిన కథ. అటువంటి వాగు ఒడ్డున ఇవాళ అత్తలూ కోడళ్ళూ కలిసి ఒకే గుండిగలో గరిటె తిప్పుతున్నారంటే కాలం ఎంతో కొంత మారిందనే అనుకోవాలి.

పాల్వంచలో బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం 1966లో పని మొదలుపెట్టింది. దానికి నీళ్ళు కావాలి గనుక కిన్నెరసానికి యానంబైలు దగ్గర ఆనకట్ట వేశారు. జలాశయం నిండు మట్టం 407 అడుగులు. చుట్టూ గుట్టలు, మధ్యలో నీళ్ళు, ఆ నీళ్ళలో మొసళ్ళు. 1977లో ఆ అడవిలో 635 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. ఆనకట్ట పక్కన జింకల పార్కు వెలిసింది. ఆ విధంగా పట్టణంలో కాక అడవి మధ్యన మాకొక పార్కు దొరికింది. నగరాల్లో ఇళ్ళ మధ్య నాలుగు చెట్లు నాటి పార్కంటారు. మా దగ్గర చెట్ల మధ్య నాలుగు బెంచీలు వేసి పార్కన్నారు. అంతే తేడా.

ఆ కరెంటు కేంద్రంలో ఉద్యోగానికే మా నాన్నగారు పాల్వంచ వచ్చారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. కాలనీలో మా క్వార్టరుకు కుడివైపు వాళ్ళది కృష్ణాజిల్లా. ఎడమవైపు వాళ్ళది వరంగల్లు. ఎదురింటి వాళ్ళు భద్రాచలం అవతలి నుంచి వచ్చారు. మీకు గుర్తుందో లేదో, భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఏటికి ఇవతల నైజాం పాలన, అవతల మద్రాసు రాజధాని పాలన నడిచిన చోటు ఇది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెనను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించింది 1965లో. అంతదాకా పడవలే గతి. అంచేత మా కాలనీలో ఒకరి మాట ఒకరికి వింతగా ఉండేది. ఒకరు 'ఆనపకాయ' అంటే ఇంకొకరు 'సొరకాయ' అనేవారు. రెండూ ఒకటేనని తేలేసరికి కూర చల్లారిపోయేది.

కొత్త ఊరు. ఎవరికీ అక్కడ తాతల నాటి ఇల్లు లేదు, పొలం గట్టు తగాదా లేదు, మేనత్తా మేనమామా లేరు. పురిటికి పక్కింటి ఆవిడే దిక్కు, జ్వరమొస్తే ఎదురింటి ఆయన సైకిలే దిక్కు. అలాంటి చోట మొదటి కార్తీకంలో వనభోజనం అనుకున్నప్పుడు ఎవర్ని పిలవాలన్న ప్రశ్నే రాలేదు. షిఫ్టులో ఉన్నవాళ్ళు తప్ప అందరూ వచ్చారు. ఇంటికి ఇన్ని బియ్యం, ఇన్ని కూరలు అని వంతులేశారు. లారీలో వాగు ఒడ్డుకు చేరాం. జింకల పార్కు అప్పటికింకా లేదు.

ఒక దృశ్యం మాత్రం నాకు చెక్కు చెదరలేదు. నేలమీద విస్తళ్ళు పరిచారు. ఇంజనీరుగారు, ఆయన పక్కన బాయిలరు దగ్గర బొగ్గు ఎత్తే ఆయన, ఆ పక్కన లారీ డ్రైవరు, తర్వాత మా నాన్నగారు. అలా కూర్చోవాలని ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. ఎవరి ముందు ఖాళీ విస్తరి కనపడితే వారక్కడ కూర్చున్నారు. మా నాయనమ్మ మాత్రం దూరంగా చెట్టు మొదట్లో కూర్చుని, తాను పండ్లు తప్ప ఏమీ ముట్టనన్నది. ఆమెను ఎవరూ బలవంతం చెయ్యలేదు. మూడో ఏడు ఆమే వంకాయ కూరలో ఉప్పు చాలలేదని పేచీ పెట్టింది. తినకుండా ఉప్పు సంగతి ఎలా తెలిసిందని మా అమ్మ అడగనూ లేదు, మా నాయనమ్మ చెప్పనూ లేదు.

ఏ ఉపన్యాసమూ లేకుండా మూడేళ్ళలో జరిగిన మార్పు అది.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. ఈ మధ్య ఒక కార్తీకంలో మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు వస్తే అందరం కలిసి కిన్నెరసాని వెళ్ళాం. పార్కు చుట్టుపక్కల చెట్టుకొక ఫ్లెక్సీ కట్టి ఉన్నది. ప్రతి దానిమీదా ఫలానా వారి కార్తీక వన సమారాధన అని ఉంది. ఆ ఫలానా ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఊళ్ళో కూడా అవే కులాల పేర్లు, అవే పెద్దల ఫొటోలు, అవే దండలు. షామియానాకు ఒక మైకు. ఒకదాంట్లో పాట, ఒకదాంట్లో ఉపన్యాసం, ఒకదాంట్లో తంబోలా అంకెలు. ఈ గోలకు జింకలు కంచె ఆ చివరికి పోయి నిలబడ్డాయి.

మా మనవరాలికి ఏడేళ్ళు. బంతి దొర్లిందని పరిగెత్తి, ఒక షామియానా దగ్గర తన ఈడు పిల్లతో స్నేహం చేసుకున్నది. పిల్లల స్నేహానికి ఎంతసేపు కావాలి? ఆ పిల్ల దీని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి భోజనాల పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నది. వడ్డించే ఆయన వచ్చి, ఎంతో ముద్దుగానే, "పాపా, మీ ఇంటిపేరేంటమ్మా?" అని అడిగాడట. ఇది చెప్పింది. అక్కడున్న పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఒకావిడ వచ్చి, దీని చేతిలో లడ్డు పెట్టి, బుగ్గ నిమిరి, "మీవాళ్ళు మీకోసం చూస్తుంటారు, పోమ్మా" అని పంపించిందట.

చూశారా, ఎవరూ కసురుకోలేదు. ఒక్క పరుషమైన మాట లేదు. పైగా లడ్డు కూడా ఇచ్చారు. అది లడ్డు తింటూ నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మన ఇంటిపేరుకు అక్కడ అన్నం పెట్టరా?" అని అడిగింది.

మా అల్లుడు నవ్వేసి, "వాళ్ళది వేరే పార్టీ లేమ్మా" అన్నాడు. అది ఊరుకోలేదు. "మరి మన పార్టీ ఏ చెట్టు కింద?" అన్నది. నిజమే, మన పార్టీ కూడా అక్కడెక్కడో ఒక చెట్టు కింద ఉండే ఉంటుంది. వెతుక్కుంటూ వెళితే ఇంటిపేరు వినగానే చేతులు జాపి రమ్మంటారు. ఆ రమ్మనడం కూడా నాకు అంత బరువుగానే తోచింది.

మా పక్కింటి వదినగారు ఇలాంటి సంఘమొకదానికి కోశాధికారి. మంచి మనిషి. నా కష్టసుఖాల్లో తోడున్న మనిషి. మరునాడు కాఫీ తాగుతూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ కాస్త నొచ్చుకుని ఇలా అన్నది:

"నువ్వు చెప్పింది వినడానికి బాగానే ఉంది వదినా. కాని మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకున్నాడంటే ఎవరి చలవ? సంఘం చలవ కాదూ? ఆడపిల్ల పెళ్ళి కుదరాలంటే ఎక్కడ వెతకను? అందరూ అమెరికాలనీ బెంగుళూరులనీ చెదిరిపోయారు. ఏడాదికొకసారి నావాళ్ళను నేను చూసుకోవడం కూడా తప్పేనా?"

తప్పని ఎలా అంటాను? ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చుట్టాలు చెదిరిపోయిన రోజుల్లో మనిషికి ఒక ఆసరా కావాలి. ఇంకో మాట కూడా ఉన్నది. తరతరాలుగా ఎవరి పంక్తి చివరా చోటు దక్కని వాళ్ళు, విస్తళ్ళెత్తడానికి తప్ప పిలుపు అందని వాళ్ళు, ఇవాళ తమ సొంత పంక్తి వేసుకుని తలెత్తుకు కూర్చుంటే దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. వాళ్ళ పంక్తినీ, వాళ్ళను రానివ్వని పంక్తినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

అయినా వదినగారితో ఒక మాట అన్నాను. "మీవాళ్ళను నువ్వు చూసుకోవడానికి కల్యాణమండపం ఉన్నది, ఫంక్షన్ హాలు ఉన్నది, మీ సంఘం భవనమే ఉన్నది. అందరిదీ అయిన పార్కు ఎందుకమ్మా దానికి? అక్కడికి వచ్చి కూడా చుట్టూ తాడు కట్టుకుంటే, ఆ తాడు అవతలి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?"

ఆవిడ జవాబు చెప్పలేదు. కాఫీ మాత్రం పూర్తిగా తాగింది. అది మా ఇద్దరి మధ్యా శుభసూచకమే.

పార్కు అనే భావం పుట్టుకలోనే ఈ తాళ్ళు తెంచాలన్న కోరిక ఉన్నది. ఇంగ్లండులో బిర్కెన్‌హెడ్ అనే ఊళ్ళో 1847లో ప్రజల సొమ్ముతో ఒక పెద్ద తోట వేశారు. అంతకుముందు పెద్ద తోటలన్నీ రాజులవి, జమీందార్లవి. వాళ్ళు దయతలిస్తే జనాన్ని రానిచ్చేవారు. ఇది అలా కాదు, మొదటినుంచీ జనానిదే. 1850లో ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ అనే అమెరికా యువకుడు ఆ ఊరు మీదుగా పోతూ రొట్టెల దుకాణంలో ఆగితే, దుకాణదారు, "మా కొత్త పార్కు చూడకుండా పోవద్దు బాబూ" అన్నాడట. వెళ్ళి చూశాడు. పూలకన్నా, చెరువులకన్నా అతన్ని ఆశ్చర్యపరిచింది, అన్ని తరగతుల వాళ్ళూ అక్కడ ఇంచుమించు సమానంగా తిరుగుతుండటం. దానికి 'ప్రజల తోట' అని పేరుపెట్టి రాసుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు న్యూయార్కులో సెంట్రల్ పార్కుకు ప్లాను గీసిన ఇద్దరిలో అతనొకడు. అయితే ఆ సెంట్రల్ పార్కు కోసమే అక్కడ కాపురముంటున్న నల్లవారి పల్లె ఒకదాన్ని 1857లో ఖాళీ చేయించారన్నది కూడా చరిత్రే. అందరికోసమని వేసిన తోటలో సైతం ఎవరో ఒకరు గేటు బయట మిగిలిపోతారు. చూసుకుంటూ ఉండాలి.

మన హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సుకు అసలు పేరు 'బాగ్-ఎ-ఆమ్'. ఆమ్ అంటే సామాన్య జనం. ఓల్మ్‌స్టెడ్ రాసుకున్న మాటా, హైదరాబాదీలు పిలుచుకున్న మాటా ఒకటే కావడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

మరీ అంత దూరం పోనక్కరలేదు. మన పలనాట పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని కదా వింటూ వచ్చాం. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాపమీద కూర్చుని అన్నం తినాలన్నది ఆయన పట్టుదల. మాలల ఇంట పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడు. అందుకు ఆయనకు ఎందరు పగవాళ్ళయ్యారో పలనాటి కథ విన్నవాళ్ళందరికీ తెలుసు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవం మొదలై అయిదు రోజులు జరుగుతుంది. అందులో ఒకనాడు చాపకూడు ఉంటుంది. ఎటువంటి విచిత్రమో చూడండి. కార్తీకం నెల పొడుగునా చెట్టుకొక కులం చొప్పున విడివిడిగా భోంచేస్తాం. నెల ముగిసీ ముగియగానే చాపకూడు తిని వీరులకు దండం పెడతాం.

ఖమ్మం కూడా ఇటువంటి విషయాల్లో వెనకబడిన ఊరేమీ కాదు. నైజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మూడో సమావేశం 1934లో అక్కడే జరిగింది. పన్నెండోది 1945లో మళ్ళీ అక్కడే జరిగింది. తెలుగులో చదువుకోవడానికీ, నలుగురూ చేరి ఒక సభ చేసుకోవడానికీ పోరాడవలసి వచ్చిన రోజులవి. నలుగురు ఒకచోట కూడటం ఎంత విలువైనదో ఆ తరానికి తెలుసు, ఎందుకంటే అది వాళ్ళకు ఊరికే దొరకలేదు. గాంధీగారు హరిజన యాత్రకని ఆంధ్రదేశం తిరిగింది కూడా 1933 చివర, 1934 మొదట్లోనే. ఆనాడు కలిసి కూర్చుని అన్నం తినడం ఒక సాహసం. ఇవాళ ఎవరూ వద్దనడం లేదు. మనమే పిలుచుకోవడం మానేశాం.

మా అడవి అంచున ఇంటిపేరు అడగని జాతరలు రెండున్నాయి. భద్రాచలంలో శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణం ఒకటి. టిక్కెట్టును బట్టి దగ్గరా దూరం ఉండవచ్చునేమో గాని, పక్కన కూర్చున్నది ఎవరని అక్కడ ఎవరూ అడగరు. తలంబ్రాలు నెత్తిన పడితే అందరూ ఒకటే. దూరపు ఊళ్ళలో వడ్లను గోటితో ఒలిచి ఆ తలంబ్రాలకు బియ్యం పంపే భక్తులున్నారు. ఒక్కొక్క గింజ ఎవరి గోటికింద ఒలిచిందో ఎవరు చెప్పగలరు? ఆ రాముడి విగ్రహాలు మొదట కంటపడింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి అని భద్రాచలంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

రెండోది మేడారం. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల జాతర. పూజారులు కోయవారు. గుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలున్నాయి, బెల్లమే బంగారం. లక్షలాది జనం చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి వండుకు తింటారు. పక్క పొయ్యి వాళ్ళను నిప్పడుగుతారు, ఉప్పడుగుతారు. ఇంటిపేరు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఎవరూ వనభోజనమని పిలవకపోయినా అంతకన్నా పెద్ద వనభోజనం ఎక్కడుంది? కిన్నెరసాని కూడా ఆ అడవుల్లోనే పుట్టిందని ముందే చెప్పాను కదా.

ఇంకొక మాట. కిన్నెరసాని దగ్గర మేం కొనే మోదుగాకుల విస్తళ్ళు కుట్టేది చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు. సీతాఫలాలు, తేనె, ఉసిరికాయలు తెచ్చేదీ వాళ్ళే. మనం అడవికి వస్తున్నాం అంటాం గాని, నిజానికి వాళ్ళ ఇంటి పెరట్లోకి వస్తున్నాం. ఏ షామియానా కిందా వాళ్ళకు విస్తరి పడటం నేను చూడలేదు. మిగిలింది గిన్నెలో పోసి ఇవ్వడం చూశాను. మిగిలింది ఇవ్వడం దయే కావచ్చు. పంక్తిలో చోటివ్వడం వేరు.

మా పాత కరెంటు కేంద్రం ఇప్పుడు లేదు. 2024 ఆగస్టులో దాని ఎనిమిది కూలింగ్ టవర్లను కూల్చేశారు. నిమిషం కూడా పట్టలేదు. కాలనీలో పాతవాళ్ళం మిగిలిన కొద్ది కుటుంబాలం డాబాల మీద నిలబడి చూశాం. దుమ్ము సర్దుకున్నాక ఎవరో, "ఇక మనల్ని కలిపింది కూడా పోయింది" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మనల్ని కలిపింది సిమెంటు గోపురాలు కాదు కదా.

అంచేత ఆ ఏడు కార్తీకంలో ఒక ఆదివారానికి పాత పద్ధతిలోనే వంతులు వేసుకున్నాం. ఇంటికి ఇన్ని బియ్యం, ఇన్ని కూరలు. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. ఎవరు వస్తే వారికి విస్తరి అన్నాం. ముప్ఫై మంది కూడా రాలేదు. వాట్సాపులో 'తప్పకుండా వస్తాం' అన్నవాళ్ళలో సగం మంది అదే రోజు తమ సంఘం భోజనం ఉందని ఆగిపోయారు. నిరాశ పడలేదంటే అబద్ధమవుతుంది. మా వదినగారు రాలేదు. కాని పొద్దున్నే పెద్ద గిన్నెడు పులిహోర పంపించింది, గిన్నె జాగ్రత్తగా తెమ్మని కబురుతో సహా.

విస్తళ్ళు అమ్మిన ఇద్దరు స్త్రీలను, "మీరూ కూర్చోండమ్మా" అని పిలిచాను. వాళ్ళు నవ్వి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, వద్దన్నారు. మళ్ళీ పిలిస్తే పెద్దామె చివర కూర్చున్నది. తన విస్తరి మాత్రం తానే ఎంచుకున్నది, మాకు అమ్మినవాటిలో బాగా కుట్టింది ఏదో ఆమెకు తెలుసు మరి! రెండో ఆమె కూర్చోనే లేదు. బుట్ట దగ్గర ఎవరన్నా ఉండాలన్నది. ఒక్కపూట అన్నంతో వందల ఏళ్ళ సంకోచం పోతుందా? మా నాయనమ్మకే మూడేళ్ళు పట్టింది!

కాబట్టి మూడేళ్ళు చూద్దామనుకున్నాం. వంతుల జాబితా పుస్తకం ఒకటి కొన్నాను. పేర్లు రాసుకుంటున్నాను, ఇంటిపేర్ల గడి పెట్టలేదు. మీ ఊళ్ళో కూడా ఒక పార్కు ఉండే ఉంటుంది. వచ్చే కార్తీకంలో మీవాళ్ళ సమారాధనకు ఒక ఆదివారం వెళ్ళండి, ఎవరు కాదన్నారు? నెలలో ఆదివారాలు నాలుగుంటాయి. మిగిలిన మూడింటిలో ఒక్కటి మాత్రం పిలవని వాళ్ళకోసం నాలుగు విస్తళ్ళు ఎక్కువ పరిచి చూడండి. కూర కాస్త ఎక్కువ వండవలసి వస్తుంది. ఉప్పు చాలలేదని పేచీ పెట్టేవాళ్ళు కూడా ఒకరిద్దరు వస్తారు. వాళ్ళను మాత్రం వదులుకోకండి.